కాదనగలిగే ఒక వాక్యం

నా మనవరాలు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. పోయిన వారం కాలేజీ నుంచి రాగానే స్కూటీ తాళంచెవి బల్ల మీద పడేసి, ఇంగ్లీషులో రాసిన నాలుగు పేజీల వ్యాసం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మొదటి పేజీ పైన వాళ్ళ మేడమ్ ఎర్ర సిరాతో ఏదో రాసింది.

"దేఖో అమ్మమ్మా, ఇంత మెహనత్ చేసి రాస్తే, థీసిస్ స్టేట్‌మెంట్ ఎక్కడుంది అని రాసింది. అదేటో నాకే తెలీదు."

"అంటే ఏటే?" అన్నాను.

"అదే... ఎస్సే మొత్తంలో నువ్వేటి చెప్పదలుచుకున్నావో ఒక్క సెంటెన్సులో ముందే చెప్పాలంట. నాకైతే కుఛ్ సమఝ్ మే నహీఁ ఆయా, ఒక్క ముక్కా అర్థం కాలేదు."

ఆ ఇంగ్లీషు పేరు నేను అంతకుముందు వినలేదు. ఆ పని మాత్రం నాకు తెలుసు. దాన్ని తెలుగులో నేర్చుకున్నాను, ఛత్తీస్‌గఢ్‌లోని ఈ బిలాస్‌పూర్‌లోనే, రైల్వే కాలనీ బడిలో చిట్టచివరి గదిలో, పదకొండు మంది పిల్లల మధ్య కూర్చుని. ఆ సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా రాయాలో చెప్పాను. అది రాసుకుంది, థాంక్యూ అంది, ఫోను పట్టుకుని మేడ మీదికి పోయింది. నేను అలాంటి వాక్యం రాసినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం దానికి చెప్పలేకపోయాను.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. మా నాన్న బొగ్గు ఇంజను డ్రైవరు. మా క్వార్టరు లోకో షెడ్డుకి ఎంత దగ్గరంటే, అమ్మ తెల్లచీర ఆరేసిన రోజున గాలి ఇటు తిరిగిందంటే మళ్ళీ ఉతుక్కోవలసిందే. పెరుగు గిన్నె మీద మూత పెట్టడం మర్చిపోతే నల్లటి నలుసులు తేలేవి. మేం వాటిని వేలితో తీసి పారేసి తినేసేవాళ్ళం. మా వరసలో ఇళ్ళన్నీ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. ఊరి నుంచి ఎవరు వచ్చినా గుడ్డసంచీలో మెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు తెచ్చేవారు. అవి ఒక ఇంట్లో వేపితే పది ఇళ్ళవాళ్ళకి నోరూరేది, పదకొండో ఇంట్లో ఉండే గుమాస్తాగారి కుటుంబం మాత్రం కిటికీలు మూసుకునేది. వేసవిలో ఇప్పపూల వాసన, ఆ వెనకే వానలు, వానల్లో తడిసిన బొగ్గు వాసన. బొగ్గు తడిస్తే ఒక వాసన వస్తుందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

నాన్న డ్యూటీ నుంచి రాగానే మేము ఆయన లైన్ బాక్సు మీద పడేవాళ్ళం. లైన్ బాక్సంటే డ్రైవర్లు తమ సామానంతా పెట్టుకుని ఇంజను మీదికి తీసుకెళ్ళే ఇనప్పెట్టె. అందులో మాకోసం ఏదో ఒకటి ఉండేది. తేందుపళ్ళు, అంటే మన తునికిపళ్ళు, ముర్రాలనే మరమరాలు, ఏ స్టేషనులోనో కొన్న ఉడకబెట్టిన రేగుపళ్ళు. అన్నం తింటూ ఆయన ప్రయాణం మొత్తం చెప్పేవాడు. ఏ గేటు దగ్గర గేదె అడ్డం వచ్చిందో, ఏ స్టేషను మాస్టరు నిద్రమొహంతో జెండా తలకిందులుగా పట్టుకున్నాడో. అమ్మ నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకునేది.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో నాన్న ఒక కాగితం తెచ్చాడు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు వరసలు వరసలుగా ఉన్నాయి. పైన ఒకటే పెద్దక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి.

"అమ్మలూ, ఇవి తలుపు మీద సుద్దతో రాయి. రాసి నన్ను అప్పజెప్పమను," అన్నాడు.

నన్ను అమ్మలూ అనే పిలిచేవాడు. నాకు భలే సరదా వేసింది. తలుపు వెనక వరసలన్నీ రాసి, అట్లకాడ చేత్తో పట్టుకుని టీచరులా నిలబడ్డాను. ఆయన మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని పై నుంచి కిందిదాకా చదివాడు. నాలుగో వరసలో తప్పాడు. నేను అట్లకాడతో ఆయన మోకాలి మీద మెల్లిగా కొట్టాను. తమ్ముడు కిందపడి దొర్లి నవ్వాడు. వారం రోజులు అదే ఆట. చివరికి ఆయన వెనక నుంచి ముందుకి కూడా చెప్పేయగలిగాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. అది నేనప్పుడు గమనించలేదు, తరవాత గుర్తుకొచ్చింది.

వారం తరవాత నాన్న ఆస్పత్రికి వెళ్ళి వచ్చాడు. వస్తూ వస్తూ సదర్ బజార్‌లో ఆగి వేడి జిలేబీలు తెచ్చాడు. పొట్లం కాగితం పాకంతో తడిసిపోయి ఆయన చొక్కా జేబుకి అంటుకుపోయింది.

"పాసయిపోనాను," అన్నాడు. మేం గెంతులేశాం. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుందని, తప్పితే ఇంజను ఎక్కనివ్వరని మావాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నేను తలుపు మీద రాసింది ఏమిటో ఆ జిలేబీ సగం తిన్నాకే నాకు అర్థమయింది. మిగతా సగం కూడా తినేశాను.

ఇక అప్పటి నుంచి నాకు అన్నీ కనిపించడం మొదలయింది. వేరుశనక్కాయలు వలుస్తూ నాన్న పప్పులు పారేసి పొట్టు పళ్ళెంలో వేస్తున్నాడు. ఒక సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ దారిలో నన్ను చూసి, "ఏటే, పిల్లలు తిన్నారా?" అని అడిగాడు. నేను అమ్మ పాత చీరని కత్తిరించి కుట్టిన పరికిణీలో ఉన్నాను. నేను నేనేనని చెప్పలేదు. "తిన్నారు," అన్నాను. డ్యూటీకి పిలవడానికి కాల్‌మేన్ పుస్తకం పట్టుకుని వస్తే సంతకం ఎక్కడ పెట్టాలో నేను వేలు పెట్టి చూపించేదాన్ని. ముద్దు చేస్తున్నట్టు ఆయన నా వేలు పట్టుకుని దాని పక్కనే సంతకం పెట్టేవాడు.

మా బడి హిందీ మీడియం. తెలుగు ఒక్క పాఠం మాత్రం ఆ చివరి గదిలో జరిగేది. మా తెలుగు టీచరుది విజయనగరం. ఊళ్ళోనే తోర్వా పేటలో గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. రోజూ రిక్షాలో వచ్చేది. వానున్నా లేకున్నా గొడుగు, నోట్లో ఎప్పుడూ లవంగం. దగ్గరికొచ్చి నోటుబుక్కు మీదికి వంగితే లవంగం వాసనా, సుద్ద వాసనా కలిసి వచ్చేవి. పిల్లలు తగ్గిపోతున్నారు, ఈ క్లాసు తీసేస్తారని ప్రతి ఏడూ అనేవారు. ఆవిడ వినిపించుకోనట్టు ఉండేది.

వానలు వెనకబట్టాక రైల్వే భద్రతా వారం వచ్చింది. పిల్లలకి వ్యాసరచన పోటీ. తెలుగులో ఒక్క వ్యాసం పంపవచ్చన్నారు. టీచరు నన్ను ఎంచుకుంది. ఇంటికెళ్ళి గొప్పగా రెండు పేజీలు రాసి పట్టుకెళ్ళాను. మొదటి వాక్యం: రైలు ప్రయాణంలో భద్రత చాలా ముఖ్యమైనది.

టీచరు అక్కడే ఆగిపోయింది. రెండో వాక్యం చదవలేదు.

"దీన్ని కాదనేవాడెవడే?"

"ఎవరూ అనరండి."

"ఎవరూ కాదననప్పుడు నువ్వు రెండు పేజీలు రాసి ఎవరికి నచ్చజెబుతావ్? అందరూ ఊఁ అనే మాట చెప్పడానికి వ్యాసమెందుకు? మళ్ళీ రాయి."

మర్నాడు వేరే వాక్యం పట్టుకెళ్ళాను. ఈ వ్యాసంలో నేను రైలు భద్రత గురించి వివరిస్తాను.

"వివరించు. ఎవరొద్దన్నారు?" అంది టీచరు. "దేని గురించి రాస్తావో నేనడగలేదు. దాని గురించి నువ్వేటనుకుంటున్నావో అడిగాను."

మూడో రోజు, ప్రమాదాలకు కారణాలు అనేకం అని రాశాను. "అనేకమంటే నీకు ఒక్కటీ తెలీదని," అని కొట్టేసింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. అక్కడే నిలబడి కోపంకొద్దీ నాలుగోది రాసిచ్చాను: డ్రైవరు జాగ్రత్తగా ఉంటే ప్రమాదాలు జరగవు.

టీచరు ఈసారి కొట్టెయ్యలేదు. పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీసింది.

"ఇది కొంచెం నయం. దీన్ని కాదనొచ్చు. నేను కాదంటాను. జాగ్రత్తగా ఉన్నా జరిగితే?"

మా నాన్నంత జాగ్రత్త మనిషి కాలనీలో లేడు.

"చూడు పిల్లా," అని టీచరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది. "మంచి వాక్యానికి మూడు ఉండాలి. ఎవరో ఒకరు కాదనగలగాలి. కాదన్నవాడికి చూపించడానికి నీ దగ్గర రుజువు ఉండాలి. ఆ రుజువు పుస్తకంలోది కాకుండా నువ్వు కళ్ళతో చూసింది అయితే మరీ మంచిది. రైళ్ళ గురించి నువ్వు కళ్ళతో చూసిందేటి? అది చెప్పు."

మేం బళ్ళు పక్కకి నిలిపే సైడింగ్ పట్టాల మీద మేకులు పెట్టి, బండి వెళ్ళాక అప్పడంలా అయిన వాటిని చాకులుగా వాడుకునేవాళ్ళమని చెప్పాను. టీచరు చెవి మెలిపెట్టింది. "అది కాదు," అంది.

ఆ శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో నాన్న ఫైర్‌మేన్ నిలబడి ఉన్నాడు. నాన్నతో పదేళ్ళు ఇంజనులో బొగ్గు వేసిన మనిషి. ఛత్తీస్‌గఢ్ వాడు, నాన్న కంటే కొంచెం చిన్న. నాన్న ఇంట్లో లేడు. ఆయన లోపలికి రానన్నాడు. చేతిలో టోపీ నలుపుకుంటూ అమ్మతో మాట్లాడుతున్నాడు. నేను గోడ పక్కనే ఆగాను.

"భాభీ, సిగ్నల్ మై బోల్తా హూఁ. అగలే మహీనే సే కౌన్ బోలేగా?"

ఆయనకి వేరే షెడ్డుకి బదిలీ అయింది. ఇన్నాళ్ళూ సిగ్నలు ఎర్రగా ఉందో పచ్చగా ఉందో ఆయనే చూసి గట్టిగా చెబుతున్నాడు, నాన్న అది విని నడుపుతున్నాడు. వచ్చే నెల నుంచి ఎవరు చెబుతారని అడుగుతున్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ గ్లాసుని చాలాసేపు తోమింది.

ఆ సాయంత్రం దీపం పెట్టకముందే నోటుబుక్కు తీసి గుమ్మంలో కూర్చున్నాను. ఈసారి ఆలోచించనక్కర్లేకపోయింది. రాసేశాను: ఇంజను డ్రైవరు చూపు తగ్గితే ఆ సంగతి మొదట చెప్పవలసింది డాక్టరు కాదు, ఇంట్లోవాళ్ళు.

కాదనేవాళ్ళు ఎవరో నాకు తెలుసు. నేనే కాదనగలను. రుజువులు కూడా ఉన్నాయి. వేరుశనక్కాయల సంగతి రాశాను. కూతుర్ని భార్య అనుకున్న సంగతి రాశాను. తలుపు మీద అక్షరాల సంగతీ రాశాను. డాక్టరు కొన్నేళ్ళకోసారి చూస్తాడు, ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తారు, అందుచేత చెప్పవలసింది వాళ్ళే అని రాశాను. పేర్లు పెట్టలేదు. 'ఒక ఇంట్లో' అని మొదలుపెట్టాను. నా జన్మలో అంత సులువుగా ఏదీ రాయలేదు.

నోటుబుక్కు మూసేలోపే నాన్న వచ్చాడు. కాళ్ళు కడుక్కుని నా పక్కన చతికిలబడ్డాడు.

"పోటీకి రాస్తన్నావంట కదా. టీచరు నిన్నే ఏరిందంట. ఏదీ, చదువు. నా కళ్ళకి అక్షరాలు అలుక్కుపోతన్నాయి ఈమధ్య."

ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు, వయసైపోతోందని అందరూ అనుకునేలా. నేను నోటుబుక్కు తెరిచాను. ఆ పేజీ ఆయన ముందే ఉంది. తల తిప్పితే చాలు, కనిపిస్తుంది. కనిపించదు. నేను ఆ పేజీ మీద వేలు పెట్టి, ఒక్కొక్క పదం కిందా వేలు జరుపుతూ, "రైలు ప్రయాణంలో భద్రత చాలా ముఖ్యమైనది," అని చదివాను. మొదటి రోజు రాసిన వ్యాసం నాకు గుర్తుంది. అదంతా అప్పజెప్పాను.

"బాగుందే అమ్మలూ, శానా బాగా రాసినావ్," అని నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి నూనె, బొగ్గు, బీడీ కలిసిన వాసన ఉండేది. ఆ రోజు ఆ వాసన తట్టుకోలేకపోయాను. దాహమేస్తోందని లేచిపోయాను.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. టీచరు వ్యాసం మొత్తం చదివింది. రెండుసార్లు చదివింది. లవంగం నమలడం ఆపేసింది. తక్కిన పిల్లల్ని ఆడుకోమని పంపేసి తలుపు దగ్గరగా వేసింది.

"ఒక ఇంట్లో అని రాశావు. ఎవరిల్లే అది?"

నాకు ఏడుపొచ్చేసింది. అదే జవాబు.

"పంపకండి టీచర్," అన్నాను. "పంపితే మా నాన్న..."

"పంపకపోతే?" అంది ఆవిడ. నన్ను అడిగినట్టు లేదు. తనని తాను అడుక్కున్నట్టు ఉంది. "వాక్యం ఎలా రాయాలో నాకు తెలుసు, నీకు చెప్పాను. రాశాక ఏటి చెయ్యాలో నాకూ తెలీదే తల్లీ. నాకెవరూ చెప్పలేదు."

పెద్దవాళ్ళకి కూడా తోచకపోవడం అనేది ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ గదిలో అది చూశాక నాకు ఇంకా భయమేసింది.

మధ్యాహ్నం ఆవిడ నాతోబాటు నడిచి మా ఇంటికొచ్చింది. అమ్మ కంగారుపడి పీట వేసింది, టీ పెట్టింది. నేనేం తప్పు చేశానో అని నా వైపు గుడ్లురుముతూనే ఉంది.

"మీ అమ్మాయి బాగా రాస్తుందమ్మా," అంది టీచరు. టీ తాగింది. మా కిటికీ మీద పాకిన చిక్కుడుపాదు గురించి అడిగింది. చివరికి సంచీలోంచి నోటుబుక్కు తీసి పీట మీద పెట్టి లేచింది. "ఇది మీ ఇంటిది. మీ దగ్గరే ఉండాలి. పోటీకి ఏటి పంపమంటే అదే పంపుతాను."

అమ్మకి చదవడం వచ్చు, నెమ్మదిగా, పెదాలు కదుపుతూ. పొయ్యి ముందు కూర్చుని చదివింది. నేను గుమ్మంలో నిలబడి ఆవిడ పెదాలనే చూశాను. తలుపు మీద అక్షరాల దగ్గరికి వచ్చినప్పుడు పెదాలు ఆగిపోయాయి.

"నాకు తెలీదనుకున్నావేటే?" అంది తలెత్తకుండా. "పెళ్ళయిన కాడి నుంచి ఆ మనిషి ముఖమే చూస్తన్నాను. నాకు తెలీదేటి?"

"మరి చెప్పలేదేటమ్మా?"

"ఎవులికి చెప్పాలే? ఏటని చెప్పాలి? ఇంజను దిగిపోమని మీ నాన్నకి చెప్పాలా? అది తప్ప ఆయనకేటుంది?" నోటుబుక్కు మూసి, "రోజూ చెబుదామనే అనుకున్నాను. లైన్ బాక్సు సర్దుతున్నప్పుడల్లా అనుకున్నాను. నోరు రాలేదు," అంది. నోటుబుక్కుని చెంగుతో తుడిచింది. దాని మీద ఏ మరకా లేదు.

ఆదివారం నాన్నకి డ్యూటీ లేదు. అమ్మ మెత్తళ్ళ పులుసు పెట్టింది, ఆయనకి ఇష్టమని. భోజనాలయ్యాక ఆయన వరండాలో చాప మీద వాలాడు. తమ్ముడు గోళీలాడుతున్నాడు. అమ్మ నోటుబుక్కు తెచ్చి నా చేతికిచ్చింది.

"దీనిది వ్యాసం వినండి," అంది నాన్నతో.

"విన్నాను కదేటి మొన్న. బాగుంది."

"మొన్న సరిగ్గా చదవలేదంట. మళ్ళీ వినండి." నా వైపు తిరిగి, "ఉన్నది ఉన్నట్టు చదువే," అంది.

నేను చదివాను. మొదటి వాక్యానికే నాన్న మోచేతి మీద లేచాడు. ఆపమంటాడేమో అనుకున్నాను. ఆపమంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. ఆయన ఆపమనలేదు. వేరుశనక్కాయల దగ్గర తన చేతుల వైపు చూసుకున్నాడు. కూతుర్ని భార్య అనుకున్న చోట, "అది నువ్వేనా?" అన్నాడు నెమ్మదిగా. నేను తలూపి, ఆ తలూపడం ఆయనకి కనిపించిందో లేదోనని "ఔను నాన్నా" అని పైకన్నాను. చివరిదాకా చదివాను.

షెడ్డులో ఏదో ఇంజను ఆవిరి వదులుతోంది. అది ఆగింది.

"అయితే," అన్నాడు నాన్న, "ఇంట్లోవాళ్ళు చెప్పీసినట్టేనా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"చెప్పీసినట్టే," అంది.

నాన్న మళ్ళీ చాప మీద వాలి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు. ఆయన వీపు చూస్తే తెలుస్తోంది.

సోమవారం పొద్దున్నే గెడ్డం గీసుకుని, ఉతికిన యూనిఫారం వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరు గోడ మీది బోర్డు చూపించబోతే, "అది నాకు కంఠతా వచ్చు సార్, వేరేది పెట్టండి," అన్నాడట. ఈ సంగతి ఆయన మాకు చెప్పలేదు. వారం తరవాత కాంపౌండరు భార్య అమ్మకి చెప్పింది.

ఇంజను దింపేశారు. కొన్ని నెలలు ఏ పనీ ఇవ్వకుండా తిప్పి, చివరికి షెడ్డులోనే స్టోరు గదిలో వేశారు. నూనె డబ్బాలు, తుడుచుకునే నూలు పీచు లెక్కపెట్టి ఇచ్చే పని. నిన్నటిదాకా ఆయన కింద పనిచేసినవాళ్ళు వచ్చి చెయ్యి చాపి అడిగి పట్టుకెళ్ళేవారు. పెద్ద క్వార్టరు ఖాళీ చేసి రెండు గదుల ఇంటికి మారాం. తమ్ముడు నాతో నెలపాటు మాట్లాడలేదు. లైన్ బాక్సులో అమ్మ ఎండుచేపలు దాచడం మొదలుపెట్టింది. నాన్న మాతో ఎప్పుడూ కోపంగా లేడు. అన్నం తినేటప్పుడు కబుర్లు చెప్పడం మాత్రం మానేశాడు. స్టోరు గదిలో చెప్పుకోడానికి ఏముంటుంది? కంచంలో అన్నం తడుముకుంటూ తిని లేచిపోయేవాడు. ఆయన చేత ఏదో ఒకటి చెప్పించాలని నేనే ప్రశ్నలు అడిగేదాన్ని. ఒక్క మాటలో జవాబు చెప్పేవాడు.

పోటీకి మొదటి వ్యాసమే పంపమన్నాను, భద్రత చాలా ముఖ్యమైనది అనేది. దానికి రెండో బహుమతి వచ్చింది. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా. నాన్న సభకి వచ్చి వెనక వరసలో కూర్చుని, వేదిక మీదికి ఎవరెక్కినా చప్పట్లు కొట్టాడు. నేనెక్కినప్పుడు పక్కవాళ్ళు చెప్పారో ఏమో, ఇంకా గట్టిగా కొట్టాడు.

మరుసటి ఏడాది తెలుగు క్లాసు తీసేశారు. ఆ గదిలో బంతులు, వలలు పెట్టుకున్నారు. టీచరు విజయనగరం వెళ్ళిపోయే ముందు మా ఇంటికి వచ్చింది. నేను పెరట్లో నీళ్ళతొట్టె వెనక దాక్కున్నాను. అమ్మ పిలిచింది, టీచరు కూడా పిలిచింది. బయటికి రాలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ ముఖం చూస్తే ఏమనాలో తెలియలేదు. ఆవిడ గొడుగు మలుపు తిరిగేదాకా తొట్టె సందులోంచి చూస్తూ ఉన్నాను. ఆ తరవాత ఆవిడ ఎక్కడున్నదో, ఎన్నాళ్ళున్నదో తెలియదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. ఆ వరస క్వార్టర్లు కూలగొట్టి ఏవో కట్టారు. ఆ దారిన వెళ్ళినప్పుడు మా ఇల్లు ఇక్కడ అని మనవరాలికి చూపించబోయి, ఎక్కడో నాకే గుర్తుకు రాక ఊరుకున్నాను.

నేను రాసింది ఒప్పో కాదో ఇప్పటికీ తేలలేదు. నాన్న ఇంజను దిగిపోయాడు కాబట్టి ఏ ప్రమాదమూ జరగలేదు. దిగకపోయినా జరిగేది కాదేమో. కొత్త ఫైర్‌మేన్ కూడా సిగ్నల్ చెప్పేవాడేమో, ఇంకో రెండేళ్ళు గడిచిపోయేవేమో, ఆయన డ్రైవరుగానే రిటైరయ్యేవాడేమో. జరగనిదాన్ని రుజువుగా ఎలా చూపిస్తారు? ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికి వచ్చి ఆగిపోతాను.

నాన్న చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. అప్పటికి ఆయనకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం నేను ఆయన పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఎన్నేళ్ళుగానో నోటి చివర ఉన్న మాట ఆ వేళ ఎందుకో బయటికొచ్చింది.

"నాన్నా, అప్పుడు నేనలా రాయకుండా ఉండాల్సిందా?"

ఏ రాత సంగతో ఆయన అడగలేదు. పైకప్పు వైపు ముఖం తిప్పాడు.

"నువ్వు రాయకపోయినా నేనే చెప్పీసేవాడినే అమ్మలూ," అన్నాడు. "ఆ సోమవారమే ఎల్దామనుకున్నాను. నువ్వు ఒకరోజు ముందు చదివినావ్, అంతే."

అది నిజం కాదు. ఆ సోమవారం పొద్దున్న ఆయన నడపవలసిన బండికని అమ్మ శనివారం నాడే చిరుతిళ్ళు చేసి లైన్ బాక్సులో సర్దింది. ఆయన దగ్గరుండి కారం తగ్గించమని చెప్పి చేయించుకున్నాడు. నాకు గుర్తుంది. నాకు గుర్తుంటుందని ఆయనకీ తెలుసు.

"ఔనా నాన్నా," అన్నాను.

"ఔనే," అన్నాడు, చెయ్యి చాపి నా ఒళ్ళోని గిన్నె తడిమి చూసి, ఒక చింతపండు రెబ్బ తీసుకుని గింజ వలవడం మొదలుపెట్టాడు.